కడిగిన చేతికి నూనె

మా ఆయన కిడ్నీలు పోయాక కడుపుకి గొట్టం పెట్టి ఇంటికి పంపారు. మందునీళ్ల సంచి తగిలించే పని నాది, రోజుకి నాలుగుసార్లు. ముందు చేతులు కడుక్కోవడం నేర్పారు. ఇద్దరు పిల్లల్ని పెంచినదాన్ని, నాకు చేతులు కడుక్కోవడం రాదా అని ఒళ్లు మండింది. అయినా నేర్చుకున్నాను. వేళ్ల సందులు, గోళ్ల కింద, మణికట్టు దాకా. మా ఉద్దానంలో ఈ జబ్బు కొత్త కాదు. సంచి సాగినంతకాలం పలాస వెళ్లి రక్తం కడిగే మిషను మీద పడుకోనక్కర్లేదు. ఆయనకి ఆ మిషనంటే భయం.

నేను జీడిపిక్కలు ఒలుస్తాను. తొక్కలోని జీడిరసం చేతుల్ని నల్లగా కాల్చేస్తుంది, చర్మం పగులుతుంది. సబ్బు తగిలితే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అందుకే ఒలిచేవాళ్లం చేతులు కడగ్గానే కొబ్బరినూనె రాసుకుంటాం. మాకు అదీ కడుక్కోవడంలో భాగమే. పైగా నా గరుకు వేళ్లు కడుపుకి తగిలితే, "గీరుకుంతందే" అని ఆయన మూలిగేవారు.

ఒకరోజు కడుపులోంచి తిరిగి సంచిలోకి దిగిన నీళ్లు గంజిలా తెల్లగా వచ్చాయి. జ్వరం, కడుపునొప్పి. ఆటోలో టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్లాను. కడుపులోకి ఇన్ఫెక్షన్ చేరిందన్నారు.

"మీరు సెయ్యి ఎలా కడుగుతారో సూపించండమ్మా" అంది నర్సమ్మ.

కడిగి చూపించాను.

"బాగానే కడిగినారు. తరవాత?"

నా చేతిసంచిలోంచి నూనె సీసా తీశాను. ఇంట్లో అందరం తలకి రాసుకునే సీసా, మూత చుట్టూ జిడ్డు, దుమ్ము.

"రోజూ ఇదేనా?"

"రోజూ ఇదే."

ఆవిడ మూత చుట్టూ దూదితో తుడిచి, అంటిన మురికి నాకు చూపించింది. తిట్టినా బాగుండేది. పక్క మంచం మీద ఆయన అంతా విన్నారు.

జ్వరం తగ్గింది గానీ గొట్టం తీసేశారు. ఇప్పుడు వారానికి మూడుసార్లు పలాస బస్సు, మిషను. వచ్చి గోడవైపు తిరిగి పడుకుంటారు. నేను వండి, పిక్కల పనికి వెళ్లి, మళ్లీ వచ్చి వండుతాను. అలిసిపోయాను.

చూడ్డానికి వచ్చినవాళ్లు అడుగుతారు: "గొట్టం ఎందుకు తీసీసినారు మావా?"

"దురదెట్టి నానే గోకీసినాను. సీము పట్టీసింది" అంటారు ఆయన.

"ఆగనేకపోనావా మావా" అని వాళ్లు ఆయన్నే మందలిస్తారు. నేను అక్కడే ఉంటాను. వాళ్లకి టీ ఇస్తాను. ఇంతవరకు ఒక్కసారి కూడా కాదనలేదు.