అమ్మ నింపిన రక్తం సీసా

డెబ్భై ఒకటిలో యుద్ధం వచ్చినప్పుడు, గాయపడ్డ సిపాయిలకు రక్తం కావాలని రేడియోలో చెప్పారు. వినగానే మా బావ, అంటే మా అక్క మొగుడు, చొక్కా చెయ్యి పైకి మడిచాడు. పోర్టులో నాతోపాటే పని. బస్తాను ఒంటిచేత్తో లేపే మనిషి.

"ఒక సీసా ఏటి బామ్మర్దీ, రెండిచ్చెత్తాను," అన్నాడు.

అమ్మ వంటింట్లో నాతో మెల్లగా అంది: "అల్లుడి రగతం ఎక్కితే ఆ సిపాయి తిన్నెంటనే తొంగుంటాడు. యుద్ధం ఎవుడు సేత్తాడు?"

అయినా గిన్నెలో చోడి అంబలి, అంటే రాగిజావ, పోసుకుని మాతో పెద్దాసుపత్రికి బయల్దేరింది.

బెంచీ మీద మా పక్కన మా ఊరి పాతపట్నంలో ట్రంకుపెట్టెల కొట్టు నడిపే ముసలాయన కూర్చున్నాడు. బర్మా యుద్ధంలో సైనికాసుపత్రి గుడారాల్లో పనిచేశాడట. బావ మర్యాదకి, "అప్పుడూ ఇలాగే తీసీవోరా?" అని అడిగాడు. అడగకుండా ఉండాల్సింది.

"అంతకు ముందు యుద్ధం తొలిరోజుల్లో, ఇచ్చేవాణ్ణీ పుచ్చుకునేవాణ్ణీ పక్కపక్కనే పడుకోబెట్టేవారట బేటా. బయటికొస్తే రక్తం గడ్డకట్టేసేది. ఏదో ఉప్పు కలిపితే కట్టదని తెలిశాక సీసాల్లో దాచడం మొదలైంది. బర్మాలో నేను తుపాకీని నేలలో గుచ్చి, దానికి సీసా వేలాడగట్టేవాణ్ణి. ప్రాణం కాస్త నిలబడ్డాకే డాక్టరు కత్తి పట్టేవాడు. ఒక కుర్రాడికి మోకాలి కింద..."

మోకాలి కింద ఏం జరిగిందో మాకు తెలియలేదు. బావ నెమ్మదిగా నా ఒళ్లోకి ఒరిగిపోయాడు. సూది ఇంకా గది దాటి రానేలేదు.

నర్సు అతని ముఖాన నీళ్లు చల్లి, "ఈయన వద్దు," అంది. జ్వరం తగ్గి వారమైనా కాలేదని నన్నూ వద్దంది. అప్పుడు అమ్మ లేచింది.

"ఆడోళ్ల రగతం మగోళ్లకి పనికొత్తాదా అమ్మా?"

"రక్తానికి ఆడా మగా లేదమ్మా. గ్రూపు కలిస్తే చాలు."

"అయితే నాది తియ్యండి. అంబలి ఈ బాబుకి పొయ్యండి."

బల్ల మీద పడుకుని, రబ్బరు గొట్టంలోంచి సీసాలోకి దిగే ధారని, పాలవాడు కొలుస్తుంటే చూసినట్టు చూసింది. "ఒలకబొయ్యకండి," అని హెచ్చరించింది కూడా.

తిరిగి వస్తుంటే రిక్షాలో బావ తల అమ్మ భుజం మీద వాలి ఉంది. అది చూసి వీధివాళ్లు రక్తమిచ్చింది అతనే అనుకున్నారు. ఎదురింటావిడ గ్లాసుడు వేడిపాలు తెచ్చి అతని చేతిలో పెట్టింది. నేను నోరు తెరవబోతే అమ్మ మోచేత్తో పొడిచింది.

బావ గ్లాసుని తిరిగి ఆవిడ వైపే చాపాడు.

"నాను ఇవ్వలేదు. పడిపోనాను. అత్త ఇచ్చింది," అన్నాడు.

అందరికంటే ముందు గుమ్మంలో నిలబడ్డ మా అక్కే నవ్వింది. అమ్మ నవ్వలేదు. "తాగు బాబూ. పడిపోయినోడికీ పాలు మంచివే," అంది.

తరవాత కొన్నాళ్లకి అక్క పురుట్లో రక్తం కావాల్సి వచ్చింది. బావ కళ్లు గట్టిగా మూసుకుని, అమ్మ చెయ్యి పట్టుకుని ఇచ్చాడు. బయటికొచ్చి గోడకి ఆనుకుని కూర్చుని, మోచేతి మీది దూదిని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ సాయంత్రందాకా చూపించాడు.