మత్తులో విన్న గొంతు

దయ్యాల సినిమాలకి గొంతు అరువిచ్చి బతికే మనిషిని నేను. మైకు ముందు కెవ్వున అరిచి, బయటికొచ్చి సమోసా తినేదాన్ని. ఇలాంటివి నమ్మే అలవాటు నాకు ఎప్పుడూ లేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మాది భీమవరం. చాలా ఏళ్లుగా మోతీనగర్‌లో ఉంటున్నాం. ఫిల్మ్ నగర్‌లో డబ్బింగ్ చెబుతాను. దయ్యాలు కాకుంటే వదినలు, అత్తలు, లాయరమ్మలు. ఒకసారి శ్రద్ధగా విన్న గొంతుని మర్చిపోను. అది గొప్ప కాదు, నా పనే అది.

రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, భోజనం చేసి మైకు ముందు నిలబడ్డాక కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి మొదలైంది. వాంతులు ఆగలేదు. మా ఆయన వచ్చి జూబ్లీహిల్స్‌లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాడు. స్కాన్ చేసి, పేగు మెలిపడింది, వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు.

మత్తు డాక్టర్ మాధవిగారిని అప్పుడే చూశాను. నలభై దాటి ఉంటాయి. మాటలో, నడకలో ఎక్కడా హడావుడి లేదు. పక్కన కూర్చుని, ఇంతకుముందు ఎప్పుడైనా మత్తు ఇచ్చారా అని అడిగారు. లేదన్నాను.

"కడుపు నిండుగా ఉందండీ. మత్తులో అది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. అందుకే గొంతులో గొట్టం చాలా త్వరగా వేసేస్తాను. మీకు తెలిసేలోపు అయిపోతుంది" అన్నారు.

అంత నొప్పిలోనూ నాకు విడమరిచి చెప్పాలని ఆవిడకి అనిపించడం నాకు భలే నచ్చింది.

తర్వాతి సంగతి నాకు మర్నాడు తెలిసింది. సర్జన్ గంటన్నరలో పేగు సరిచేశారు. నేను మాత్రం ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టలేదు. గొట్టం వేసేటప్పుడు కండరాలు వదులయ్యే మందు ఒకటి ఇస్తారు. ఎవరికైనా కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది. ఆ మందుని విరిచేసే పదార్థం మన కాలేయంలో తయారవుతుందట. నాకు పుట్టుకతోనే అది సరిగ్గా తయారవదు. చాలా అరుదైన లోపం. నాకే కాదు, మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

వేలు, కాలు కదలని నన్ను నిద్రలోనే ఉంచుతూ, యంత్రంతో ఊపిరి ఇప్పిస్తూ, మాధవిగారు నాలుగు గంటలు నా తల దగ్గరే కూర్చున్నారు. డ్యూటీ అయిపోయినా కదల్లేదట. మా ఆయన్ని పిలిపించి ఏమీ దాచకుండా చెప్పారు. "మందు దిగడానికి టైమ్ పడుతోందండీ. అప్పటిదాకా ఆవిడ ఊపిరి నా బాధ్యత." మా ఆయన ఆ మాట ఇప్పటికీ ఇంటికొచ్చినవాళ్లకి చెబుతుంటాడు.

ఆ నాలుగు గంటల్లో నాకు గుర్తున్నది ఒక్కటే. చీకటి లేదు, వెలుగు లేదు. ఒక పెద్దాయన గొంతు. మాట్లాడే ముందు ముక్కుతో చిన్నగా "హూఁ" అన్నాడు.

"తొందరపడకు బిడ్డా. ఊపిరి మనం ఇద్దాం. లేసేది ఆమె లేస్తది."

నాతోనే అంటున్నాడనుకున్నాను. ఆ "ఆమె" ఎవరో మాత్రం అర్థం కాలేదు.

మూడోరోజు పొద్దున మాధవిగారు నా మంచం దగ్గరికి వచ్చారు. ఆ మందు నాకు ఎప్పుడూ ఇవ్వకూడదని రాసిన కార్డు ఇచ్చి, మా తమ్ముడికి కూడా పరీక్ష చేయించమన్నారు. అన్నీ విన్నాక అడిగాను, ఆపరేషన్ థియేటర్లో తెలంగాణ యాసలో మాట్లాడిన ఆ పెద్ద డాక్టరుగారు ఎవరండీ అని.

"పెద్దవాళ్లెవరూ లేరే. సర్జన్‌కి ముప్పయ్యారేళ్లు, ఆయనది గుంటూరు."

మాటల్లో చెప్పడం కన్నా సులువని, ఆ గొంతుని అనుకరించి ఆ మాటలే చెప్పాను. హూఁ తో సహా.

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"మళ్లీ ఒకసారి అంటారా?"

అన్నాను. రెండోసారి "బిడ్డా" దగ్గర గొంతు ఇంకొంచెం దించాను, మొదటిసారి అక్కడే తప్పిందని నాకే తెలిసింది. ఆవిడ కళ్లు తుడుచుకున్నారు.

ఆ గొంతు ఆవిడకి మత్తు విద్య నేర్పిన సార్‌ది. కరీంనగర్ వైపు ఆయన. పోయి అప్పటికి మూడేళ్లయింది. నేను ఊపిరి తీసుకోకపోవడం చూసి ఒక్క క్షణం భయం వేసిందనీ, సార్ ఉంటే ఏం చేసేవారా అనుకున్నాననీ చెప్పారు. మనసులోనే అనుకున్నారట, పైకి అనలేదట.

అప్పుడు అర్థమైంది. ఆయన మాట్లాడింది నాతో కాదు, మాధవిగారితో. "ఆమె" అన్నది నన్నే.

"మీకేమైనా వినపడిందా?" అని అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "లేదండీ. ఆ తర్వాత భయం మాత్రం వేయలేదు."

నిద్రమందులో మెదడు ఏవేవో అల్లుతుందని తెలిసినవాళ్లు చెప్పారు. కావచ్చు. నేనెన్నడూ వినని మనిషి గొంతుని, ఆయన ముక్కుతో అనే శబ్దంతో సహా ఎలా అల్లింది?

ఇంటికొచ్చాక మా ఆయన, ఆ గొంతు ఒకసారి వినిపించమన్నాడు. ప్రయత్నించాను. మాటలు వచ్చాయి గానీ గొంతు నాదే. అప్పటినుంచి ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ గొంతు దొరకలేదు. ఆరోజు ఎలా వచ్చిందో, ఇప్పుడు ఎందుకు రాదో, రెండూ నాకు తెలియవు.