సుకిమ్ మింగిన మూలికలు

మా తుంగ్‌షి రేవులో ఆల్చిప్పలు విప్పడంలో సుకిమ్‌ను మించినవాళ్లు లేరు. డెబ్బై మూడేళ్ల మనిషి. మోకాళ్లు పట్టేసి, కూర్చుంటే లేవలేని రోజుల్లో ఆమెకు రేడియోలో లియావ్ మాస్టారు దొరికాడు. ఏ బడిలో పాఠం చెప్పాడో ఎవరికీ తెలియదు. పాటకూ పాటకూ మధ్య, "అమ్మలారా, నా మందు అచ్చమైన మూలికలు" అని తియ్యగా చెప్పి మాత్రల సీసాలు అమ్మేవాడు.

మూడో రోజుకే సుకిమ్ లేచి నడిచింది. ఏ మూలిక అయినా మూడు రోజుల్లో ఇంత పని చేస్తుందా అని అడిగే బుద్ధి మాలో ఒక్కరికీ లేకపోయింది. ఆరేళ్లు మింగింది. ముఖం గుండ్రంగా ఉబ్బింది. గిన్నె తగిలినా చెయ్యి నల్లగా కమిలేది. ఫోన్‌లో చెబితే, "వయసు తగ్గింది తల్లీ" అన్నాడా మహానుభావుడు.

మొన్న వేసవిలో ఆమె కడుపు బిగుసుకుంది. రెండు రోజులు గంజి కూడా దిగలేదు. అయినా చిప్పల కుప్ప ముందు నా పక్కనే కూర్చుంది.

"నొప్పి పెద్దగా లేదే. మాస్టారికి ఫోన్ చేశాను. లోపలి విషం కదులుతోందట, రెండేసి వేసుకోమన్నాడు."

"ఆయన నీ కడుపు చూశాడా?"

"గొంతు విని చెప్తాడు."

"అయితే నీ తెలివి ఎంతో కూడా వినే ఉంటాడు. లే అక్కా."

నన్ను తిట్టుకుంటూనే టాక్సీ ఎక్కింది. చియాయి పట్నం ఆసుపత్రిలో స్కాన్ తీస్తే పెద్దపేగుకు చిల్లు.

డాక్టరమ్మ సీసా తిప్పి చూసింది. "ఇందులో స్టెరాయిడ్ కలిపి ఉంటారు అవ్వా, పరీక్షకు పంపుతాం. ఏళ్ల తరబడి వాడితే పేగు బలహీనపడుతుంది. చిల్లు పడినా నొప్పి పైకి తెలియదు."

"ఇప్పుడే పారేస్తాను."

"ఒక్కసారిగా మానితే ప్రాణం మీదకొస్తుంది. మేమే మెల్లగా తగ్గిస్తాం."

ఆపరేషన్ చేసి, పేగు కొసను పొట్ట మీదకు తెచ్చి సంచి అమర్చారు. గాయం మానడానికి నాలుగు నెలలు పట్టింది. అదీ ఆ మూలికల పుణ్యమే. పరీక్షలో స్టెరాయిడే తేలింది.

కోలుకున్నాక సుకిమ్ రేడియోకి ఫోన్ చేసి, మందు గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలంది. పొగడ్తనుకుని మాస్టారు మురిసిపోయి నేరుగా ప్రసారంలోకి కలిపాడు.

"మాస్టారూ, మీ మందుతో నా పేగు చిల్లుపడింది. ఇప్పుడు పొట్ట మీది సంచిలోకి దొడ్డికి పోతున్నాను. ఈ మూలికలు మీ అమ్మకు కూడా పెడుతున్నారా?"

వెంటనే పాట మోగింది. కానీ రేవంతా అప్పటికే వినేసింది.

మర్నాడు ముగ్గురు సీసాలు పట్టుకుని ఆసుపత్రి బస్సెక్కారు. వాళ్లలో నేనూ ఉన్నాను. అక్కకు అన్ని బుద్ధులు చెప్పిన నేను రెండేళ్లుగా, డాక్టరమ్మ మాట విన్నాక కూడా, అవే మాత్రలు మింగుతున్నాను. లియావ్ ఇప్పుడు వేరే పేరుతో, వేరే స్టేషన్‌లో కళ్లకు మందు అమ్ముతున్నాడట. కొనేవాళ్లకు కొదవ లేదు.