వల కింద హెడ్‌మేడమ్

మా హెడ్‌మేడమ్ అనగానే పైకెత్తిన ఆమె ముఖమే నాకు గుర్తొస్తుంది. మైపాడు దగ్గర మా బడికి పైన కొత్త గదులు కట్టేటప్పుడు, పని అయ్యేదాకా సెలవులిమ్మని టీచర్లమందరం పోరినాం. ఆమె వినలేదు. "సెలవిస్తే పిలకాయలు నాయనల వెంబడి సముద్రంలో వేటకి పోతారు. మళ్ళీ రారు" అనింది. ఊళ్ళో పాత వలలు అడిగి తెప్పించి, వరండా పొడవునా మడతలేసి, మేస్త్రులు నిలబడి పనిచేసే సారవ కర్రల కింద బిగించి కట్టించింది.

రోజూ పొద్దున పిలకాయల్ని గేటు బయటే నిలబెట్టి, తను ఒక్కతే పోయి వల కింద నిలబడేది. తలెత్తి, "ఏసెయ్ నాయనా!" అని కేకేసేది. పైనుంచి మేస్త్రి భయపడుతూనే ఒక ఇటుక వదిలేవాడు. అది వలలో పడి ఊగేది. ఆమె రెప్ప కూడా ఆర్పేది కాదు. ఆ తర్వాతే గంట కొట్టించేది.

నాకు ఒళ్ళు మండేది. "మీకేమన్నా అయితే?" అని ఒకరోజు అడిగేశాను.

"నేను నిలబడలేని చోట వాళ్ళనెట్టా నడిపించేది?"

గదులు పూర్తయినాక వలలిచ్చినాయన వాటిని తీసుకుపోను వచ్చినాడు. "పని అయిపోయింది గదా మేడమ్" అన్నాడు.

ఆమె అలవాటుగా తలెత్తి కొత్త గదులకేసి చూసింది.

"ఉండనీ అన్నా. ఆ గదులమీద ఇంకో అంతస్తు లేపొద్దా?"