బాన్సువాడలో నేను తినేసిన పాఠం

మంగళవారం పొద్దున ఆరున్నరకు జూబ్లీ బస్ స్టేషన్‌లో బాన్సువాడ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఒళ్లో థర్మోకోల్ పెట్టె, దాంట్లో ఐసు, ఐసు మధ్య స్టీలు టిఫిన్ డబ్బా. డబ్బాలో మేక మెదడు, పక్కన రెండు చిన్న డబ్బీల్లో కోడిదీ చేపదీ. ఆధార్ చూపించి ఆడవాళ్లకు ఊరికే ఇచ్చే జీరో టికెట్ తీసుకుంటుంటే, పెట్టెలో ఏముందని అడిగింది కండక్టరమ్మ. "మెదళ్లు" అన్నాను. ఆమె నా తలకేసి ఒకసారి చూసి ముందుకెళ్లిపోయింది.

జువాలజీ లెక్చరర్‌గా రిటైరై మూడేళ్లైంది. నన్ను పిలిచింది నా పాత విద్యార్థిని స్వప్న. బాన్సువాడలో ఒక చిన్న ప్రైవేటు జూనియర్ కాలేజీలో బైపీసీ పిల్లలకు చెబుతుంది. బుధవారం టెన్త్ రాసిన పిల్లలు పెద్దవాళ్లతో కాలేజీ చూడటానికి వస్తారు. సాయంత్రానికి పదిహేనుమంది బైపీసీకి పేరివ్వకపోతే సెక్షన్ ఎత్తేస్తామని యాజమాన్యం చెప్పేసిందట. సెక్షన్ పోతే స్వప్న ఉద్యోగమూ పోతుంది. "మీ మెదళ్ల పాఠం ఒక్కసారి చెప్పండి మేడం" అని ఫోన్లో ఏడ్చినంత పని చేసింది. ఇక ఇంట్లో కూర్చోగలనా!

తొమ్మిదికి మెదక్. ఇడ్లీ తిని, టీ తాగి వచ్చేసరికి పక్క సీట్లో కోటగిరి వరి రైతు సాయిలు కూర్చున్నాడు. రేపు కూతురు శ్రావణిని తీసుకుని తనూ ఆ కాలేజీకే వస్తాడట.

"మా పిల్లను ఎంపీసీల ఏస్త మేడం. బైపీసీల కప్పలు కోయిస్తరంట. మాది బల్లిని జూస్తెనే ఉరుకుతది" అన్నాడు.

"ఎంపీసీ కావాలని పిల్ల అన్నదా?"

"పిల్లనేం అడుగుడు?" అని కిటికీలోంచి బయటికి చూశాడు. నాకు ఒళ్లు మండింది.

పదకొండుంబావుకు బాన్సువాడ. ఎండ మాడు పగలగొడుతోంది. స్వప్న స్కూటీ మీద ఇంటికి తీసుకెళ్లింది. వాళ్ల అత్త రాజవ్వ నా చేతిలోంచి పెట్టె లాక్కుని, టిఫిన్ డబ్బా, చిన్న డబ్బీలు తీసి ఫ్రిజ్‌లో పెట్టింది. అందులో ఏముందో నేను చెప్పలేదు. నా బుద్ధి తక్కువ!

బుధవారం ఏడున్నరకు టిఫిన్. జొన్నరొట్టెలు, పక్కన భేజా ఫ్రై. మిరియాలు, కొత్తిమీర, అబ్బ! రెండోసారి అడిగి మరీ వడ్డించుకున్నాను.

"ఇంత మంచి భేజా ఎక్కడ కొన్నావక్కా?"

"కొనుడేంది మేడం? నువ్వు దెచ్చిందే గదా" అంది రాజవ్వ. "పట్నంకెళ్లి వచ్చేటోళ్లు ఒట్టి చేతుల్తోని వస్తరా అనుకున్న."

నేను తిన్నది నా మేక మెదడే! "చిన్న డబ్బీలు?"

"గవి దేనికొస్తయి? పిల్లికేసిన."

స్వప్న రొట్టె వదిలేసి లేచింది. ఎవరిని తిట్టను? పాఠం సగం నా కడుపులోనే ఉంది. సంగతంతా వివరించేసరికి రాజవ్వ నెత్తి కొట్టుకుంది. "అయ్యో, నా కోడలి నౌకరి నేనే తింటినా! పాండ్రి, బజారుకు పోదాం."

ఎనిమిదింబావుకు ఆటోలో మార్కెట్. మటన్ షాపులో విడి భేజా అయిపోయింది, మేక తలకాయ ఒక్కటే మిగిలింది. "కొట్టకు అన్నా. నడుమ సన్నగ గీత వెట్టియ్యి, లోపల నేను జూసుకుంట" అంది రాజవ్వ. చేపలామె దగ్గర బొచ్చె తలకాయ కొన్నాం. చికెన్ సెంటర్లో కోడి తల ఊరికే ఇచ్చారు.

పదిన్నరకు క్లాసు నిండిపోయింది. నిజం చెప్పాలంటే, నా సర్వీసులో మెదడును చెదరకుండా బయటికి తీసింది ఎప్పుడూ అటెండరే. అందుకే కొంగు బిగించిన రాజవ్వను బల్ల దగ్గరికి పిలిచాను. ఆమె పుర్రె విప్పి, రెండు వేళ్లు లోపలికి పోనిచ్చి, మెదడును మొత్తంగా నీళ్ల గిన్నెలోకి జార్చింది. పిల్లలు బెంచీలెక్కారు.

"గిది పొర. తియ్యకుంటె వాసనొస్తది. గిది పెద్దది, ఎనక గిది చిన్నది, కింద గిది తోక" అని వేలితో చూపించింది. కోడిలోనూ చేపలోనూ అవే భాగాలు అదే వరసలో చూపించాను. ఆ వరస వేసే జన్యువులు చేపకూ మేకకూ మనకూ చాలావరకు ఒకటేనని చెప్పాను.

"మరి మనది గింత పెద్దగెట్లయింది మేడం?" మొదటి బెంచీ మీంచి ఒకమ్మాయి. పేరడిగితే శ్రావణి అంది. వెనక నిలబడ్డ సాయిలు మెడ సాచాడు.

"జన్యువులు తరతరానికీ నకలవుతాయమ్మా. ఆ నకల్లో ఒక్కోసారి తప్పు జరిగి ఒకే ముక్క రెండుసార్లు పడుతుంది. చాలా తప్పులు ఎందుకూ పనికిరావు. కానీ మన పూర్వీకుల్లో అలా రెండోసారి పడిన కొన్ని జన్యువులు మెదడు కణాలను ఇంకాస్త పెరగనిచ్చాయి. మెదడు పెరగడానికి అదీ ఒక కారణం."

రాజవ్వ చెయ్యి కడుక్కుంటూ, "అంటే తప్పుల్లకెళ్లే తెలివొచ్చిందంటవు. గట్లయితే పొద్దుగాల నేను జేసినదానికి ఇగ ఏమనకు" అంది. విషయం తెలియకపోయినా క్లాసంతా నవ్వింది. నేనైతే బల్ల పట్టుకుని నవ్వాను.

రెండున్నర బస్సెక్కేసరికి బైపీసీకి వచ్చిన పేర్లు పదమూడే. స్వప్న నవ్వుతూనే సాగనంపింది కానీ, కళ్లు నవ్వలేదు. ఎల్లారెడ్డి దాకా నాకు మనసు మనసులో లేదు. డబ్బా వట్టిగా తిరిగివ్వకూడదని రాజవ్వ నింపిచ్చిన తలకాయ కూర వాసన బస్సంతా కమ్మింది. ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగాడు.

నాలుగున్నరకు, మెదక్ చేరబోతుంటే, ఫోన్. "పదిహేను మేడం!" స్వప్న కేకేసింది. "చివరి పేరు శ్రావణి. సాయిలన్న గేటు దాకా పోయి మళ్లొచ్చిండు. పిల్లనడిగితే, దానికి భయం కప్పలంటే గాదట, లెక్కలంటేనట!"

బస్సులో గట్టిగా నవ్వేశాను, కళ్లు తుడుచుకున్నాను. వెళ్లినందుకు ఇంత సంతోషం ఏ ఊరూ ఇవ్వలేదు నాకు. మీరూ వెళ్లండి. అయితే అక్కడి ఫ్రిజ్‌లో ఏం పెట్టినా చెప్పి పెట్టండి.

ఈలోగా స్వప్న చేతిలోంచి రాజవ్వ ఫోన్ లాక్కుంది. "మేడం, వచ్చే ఏడు భేజాలు రెండు దే. ఒకటి పిల్లలకు, ఒకటి మనకు."