గొర్రె కడుపు, సోమన్న కడుపు

మా అలివేలక్క మొగుడు సోమన్న సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చిలుకూరు చుట్టుపక్కల అంత ఒడుపున్న గొర్రెల కాపరి లేడు. మందలో ఒక గొర్రె చచ్చిందంటే దాని కడుపు కోసి, కాలేయం, పేగులు తిప్పి చూడనిదే పూడ్చనివ్వడు. ఏ రోగమో తెలియకుండా మిగతా వాటికి ఏం మందు తాపాలని మనమీదే ఎగురుతాడు.

ఆ మనిషికే కడుపునొప్పి మొదలైంది. తిన్నది ఇమడలేదు. చూస్తుండగానే సగమయ్యాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ అన్నాడు. ఎండాకాలం నుంచి దసరా దాకా ఆ గోళీలే మింగించాడు. గ్యాస్‌కు పంచె నడుం మీద నిలవనంతగా చిక్కుతారా ఎవరైనా?

చివరికి కోదాడలో నోట్లోంచి గొట్టం వేసి చూశారు. కడుపు లోపల పుండు ఉందని, మళ్లీ గొట్టం వేసి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలని డాక్టరమ్మ చెప్పింది. బావ చెప్పులేసుకుని బయటికొచ్చేశాడు. ముక్క తీస్తే రోగం ఒళ్లంతా పాకుతుందట. మా ఉప్పలమ్మ అత్త దానికి వంత పాడింది. సూర్యాపేటలో ఎవరో అట్లాగే పోయాడంది. ఎవరని అడిగితే పేరు తెలియదు. పెద్దదని ఊరుకున్నాను కానీ నోటిదాకా వచ్చింది.

కొన్నాళ్లకు దొడ్లో ఒక గొర్రె చచ్చింది. బావ గోడకు ఆనుకుని కూర్చుని అక్కను కత్తి తెమ్మన్నాడు. అక్క తెచ్చింది కానీ చేతికియ్యలేదు.

"సచ్చిన గొర్రెను కోసి సూస్తవ్. బతికున్న నీ కడుపు సూడనియ్యవ్. నువ్వు సచ్చినంక నిన్ను గిట్లనే కోసి సూసుకోవాల్నా నేను?"

తెల్లారి బావ మాతో కోదాడ వచ్చాడు.

ముక్క పరీక్షలో లింఫోమా అని తేలింది. హైదరాబాద్‌ పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. క్యాన్సరే కానీ కోత అక్కర్లేదని, సెలైన్‌లో ఎక్కించే మందులకే కరుగుతుందని అక్కడి డాక్టరు చెప్పాడు. అయితే కడుపు దాటి పక్కనున్న గ్రంథులకు కూడా పాకిందన్నాడు.

"ముక్క తీసినందుకే పాకిందా సారూ?" అని అడిగాడు బావ.

"తీయనియ్యనందుకు పాకింది" అన్నాడు డాక్టరు.

జుట్టు రాలింది, నోరంతా పూసింది, వాంతులతో మంచానికి అంటుకుపోయాడు. మొన్న స్కాన్‌లో గడ్డలు చాలావరకు కరిగాయని చెప్పారు. ఇంటికి రాగానే గొర్రెల దగ్గరికి పోతానని, కత్తి ఇమ్మని అడిగాడు.

"ఇంక రెండుసార్లు మందు ఎక్కియ్యాలె. గది ఖతమైనంక ఇస్త" అంది అక్క.

కత్తి ఇంకా ఆమె పెట్టెలోనే ఉంది. ఆమె కోపం చల్లారలేదు. నాదీ అంతే.