ఊరి పేర్ల మీద పాట

2012ల మా అన్న కామారెడ్డిల అంబులెన్స్ నడిపేటోడు. గల్ఫ్ దేశాలకు పోయినోళ్లు అక్కడ చనిపోతే, శంషాబాద్ ఎయిర్‌పోర్టుల శవం పెట్టె దించుకొని ఊరికి చేర్చుడు ఆయన పని. డిగ్రీ అయి ఇంట్ల ఉన్న నన్ను ఫోన్లు చూడమని, కంప్యూటర్ ముంగట కూసోబెట్టిండు.

అప్పటికే గల్ఫ్‌ల కూలీల క్యాంపులల్ల ఉన్నోళ్లు బండి కావాలంటే ఇంటర్నెట్‌ల వెతుకుడు మొదలైంది. మేం గూడ అండ్ల ప్రకటన పెట్టినం. అది వేలం పాట లెక్క. హైదరాబాద్ అంబులెన్స్ అని ఎవరన్న వెతికితే, ఆ మాటలకు ఎక్కువ పాడినోళ్ల ప్రకటన పైన కనపడతది. దాన్ని నొక్కితే చాలు, మనకు ఫోన్ చేసినా చెయ్యకున్నా పైసలు పోతయి.

హైదరాబాద్ పెద్ద కంపెనీలు రెండు ఆ మాటలను వదలకపోతుండె. మేం పెంచితే వాళ్లు పెంచేటోళ్లు. రోజుకని మేం పెట్టుకున్న పైసలు పొద్దున పదింటికే ఒడిసేటియి. ఆ తర్వాత మా ప్రకటన మాయం. నెల రోజులు అట్లనే తెర దిక్కు చూసుకుంట కూసున్న. మూడే ఫోన్లు వచ్చినయి.

"వాళ్లతోని మనకేంది చెల్లె, బంద్ చెయ్యి," అన్నడు అన్న. ఒక్క వారం ఆగమని బతిమాలిన.

ఫోన్ చేసిన ముగ్గురు ఏమడిగిన్రో యాది చేసుకున్న. ముగ్గురూ అడిగింది ఒక్కటే, బండి మా ఊరి దాక వస్తదా అని. హైదరాబాద్ మాటలన్నీ తీసేసి ఊర్ల పేర్లు పెట్టిన. ఎల్లారెడ్డి, దోమకొండ, బీబీపేట, డోంగ్లి. ఒక్కో పేరును మనోళ్లు ఇంగ్లీషుల ఎన్ని తీర్ల రాస్తరో అన్ని తీర్ల రాసిన. ఆ పేర్లకు ఎవలూ పాడుతలేరు, అగ్గువకే దొరికినయి.

నాలుగు దినాలు ఒక్కలు గూడ నొక్కలే. అన్న నా మొకం చూసి బయటికి పోతుండె. ఐదో దినం ఫోన్ మోగింది. గెలిచిన అనుకున్న. ఎత్తంగనే అవతల ఒకాయన ఏడుపు ఆపుకుంటున్నడు. నా సంబురానికి నాకే సిగ్గైంది.

ఆయన దుబాయి నుంచి చేసిండు. తమ్ముడు పనికాడ పైనుంచి పడి చనిపోయిండట. ఎల్లారెడ్డి అవతల చిన్న పల్లె.

"వేరేటోళ్లు పెద్ద రోడ్డు మీద దించి పోతమంటున్నరు అక్కా. మా అవ్వ అంత దూరం నడవలేదు. మీరు ఇంటి దాక వస్తరా?"

"వస్తం," అని చెప్పిన, అన్నను అడగకుండనే.

అది వానకాలం. మాటిచ్చింది నేనే గాబట్టి, పెట్టె వచ్చిన దినం నేను గూడ బండెక్కిన. పల్లె ఇంక కొంచెం దూరమున్నదనంగ చక్రాలు బురదల దిగబడ్డయి. అన్న ఎంత తొక్కినా బండి కదల్లే. ఇంతల నాట్లేస్తున్నోళ్లు మడులల్లకెళ్లి వచ్చిన్రు. ఎవలూ పిలవలే. బండి వెనుక భుజాలు ఆనించి, ఇంటి ముంగటి దాక నూకిన్రు.

ఆ తల్లి పెట్టె మీద చెయ్యి పెట్టి కూసున్నది. మేం చప్పుడు చెయ్యకుండ మళ్లొచ్చినం.

కొన్నాళ్లకు కంపెనీలు ఎల్లారెడ్డి పేరుకు గూడ పాడుడు షురూ చేసినయి. నేను దాన్ని వదిలి, చిన్న ఊర్లు పట్టుకొని ఉన్న. దుబాయి ఆయన మా నంబరు క్యాంపుల అందరికి ఇచ్చిండు. 2014ల ప్రకటన బంద్ చేసిన. ఫోన్లు మాత్రం ఆగలే. ఆగితే మంచిగుండు అనిపించేది.